ఊరు మారినా చిరునామా మారకపోతే

మనిషికి పేరు ఒకటే. చిరునామా మాత్రం ఎక్కడ కాపురముంటే అక్కడిది. సోలాపురంలో ఉండే పెద్దమనిషి యానాం వచ్చి దిగి, "నా ఇంటి నెంబరు సోలాపురందే, ఉత్తరాలన్నీ ఆ నెంబరు మీదనే ఇక్కడికి తెచ్చి ఇవ్వండి" అంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? నవ్వి ఊరుకుంటాడు. మనుషులకు ఎవరూ చెప్పనక్కరలేని ఈ సంగతి, మనం సంచిలో వేసుకు తిరిగే ల్యాప్‌టాప్‌కు మాత్రం ఒక్కొక్కప్పుడు చెప్పవలసి వస్తుంది. ఈ మాసం ఆ ముచ్చట చెప్పుకుందాం.

దీనికి ప్రేరణ బరంపురం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం. వారి అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. పది రోజులపాటు ఇంటి నుంచే పని చేసుకోవచ్చునని పైవారు ఒప్పుకుంటే, పండుగకు పుట్టింటికి వచ్చిందట. వచ్చిన నాటి సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిస్తే వై-ఫై గుర్తు నిండుగా కనబడుతున్నది గాని, ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. అదే ఇంట్లో తండ్రిగారి ఫోను నిక్షేపంగా పని చేస్తున్నది. పిలిపించిన మనిషి వచ్చి, రౌటర్ పాతబడిందనీ, కొత్తది కొనవలసిందేననీ తేల్చాడట. కొనేలోగా పని ఆగిపోతున్నదని ఆ పిల్ల మూడవ రోజునే రైలెక్కింది. "మా ఇల్లు పిల్ల ఉండటానికి పనికిరాకుండా పోయిందా?" అని ఆ తల్లి అడిగిన ప్రశ్న.

అమ్మా, మీ ఇంటికి వచ్చిన లోపమేమీ లేదు. మీ రౌటర్‌కూ బహుశా లేదు. ఫోను పని చేస్తున్నదంటే ఇంటిదాకా ఇంటర్నెట్ వచ్చినట్టే గదా! మీ ఉత్తరంలోనే ఒక చోట, బెంగుళూరు గదిలో నెట్టు మొండికేసినప్పుడు ఎవరో వచ్చి "ఏవో నెంబర్లు కొట్టి" బాగుచేసి వెళ్ళారని వ్రాశారు. గుట్టంతా ఆ నెంబర్లలో ఉన్నది. ఆ పిల్లతో బెంగుళూరు గది చిరునామా కూడా బరంపురం వచ్చింది. ఎట్లా వచ్చిందో, దాన్ని ఎట్లా వదిలించాలో చెబుతాను.

నాలుగు సంగతులు

ఇంటర్నెట్‌లో ఏ యంత్రం మాట్లాడాలన్నా దానికొక సంఖ్య ఉండాలి. దీనినే ఐపీ అడ్రసు అంటారు. మనకు తరచు కనబడేది నాలుగు అంకెల వరుస: 192.168.1.25 వంటిది. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు ఉండవచ్చు. ఈ పద్ధతి నియమాలు 1981లో స్థిరపడ్డాయి. ఈ లెక్కన మొత్తం 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు వస్తాయి. ఆనాడు అది చాలా ఎక్కువనిపించింది. తరువాత చాలకుండా పోయింది. అందువల్ల 1996లో ఒక నియమం చేశారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉండేవి, 192.168తో మొదలయ్యేవి, ఈ మూడు వరుసలనూ ఎవరి ఇంట్లో వారు, ఎవరి ఆఫీసులో వారు స్వేచ్ఛగా వాడుకోవచ్చును. బయటి ప్రపంచానికి అవి కనబడవు. ప్రతి వీధిలోనూ పదవ నెంబరు ఇల్లు ఉన్నట్టే, లక్షల ఇళ్ళలో 192.168.1.10 ఉంటుంది, ఒకదానికొకటి అడ్డం రాదు. అడ్డం వచ్చేదల్లా ఒకే ఇంట్లో రెండు యంత్రాలకు ఒకే సంఖ్య పడినప్పుడే.

ఐపీ అడ్రసుతోపాటు యంత్రానికి మరి మూడు సంగతులు తెలియాలి. మొదటిది సబ్‌నెట్ మాస్కు. ఇళ్ళలో సాధారణంగా 255.255.255.0 అని ఉంటుంది. మొదటి మూడు అంకెలూ వీధి పేరు, చివరిది ఇంటి నెంబరు అని దాని అర్థం. రెండవది గేట్‌వే, అనగా ఆ వీధి నుంచి బయటికి వెళ్ళే తలవాకిలి. అది మన రౌటరే. కొన్ని ఇళ్ళలో 192.168.1.1, మరి కొన్ని ఇళ్ళలో 192.168.0.1, ఇంకో చోట ఇంకొకటి. మూడవది డీఎన్ఎస్. మనం పేరు చెబితే దాని సంఖ్య వెతికి ఇచ్చే పుస్తకం వంటిది. ఈ నాలుగూ సరిగ్గా కుదిరితేనే పేజీ తెరుచుకుంటుంది. ఏ ఒక్కటి తప్పినా వై-ఫై గుర్తు నిండుగా ఉంటుంది, పని మాత్రం జరగదు.

విస్తరి వేసేది ఇంటివారు

ఈ నాలుగు సంగతులూ యంత్రానికి ఎవరు చెప్పాలి? బంతి భోజనంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇంటివారు చూపిస్తారు; వచ్చినవారు తమ విస్తరి తాము మోసుకు రారు. ఇక్కడా అదే మర్యాద. దీనికొక పద్ధతి 1993లో వచ్చింది, 1997లో స్థిరపడింది. పేరు డీహెచ్‌సీపీ. ల్యాప్‌టాప్ వై-ఫైలోకి రాగానే "ఇక్కడ చోటు ఇచ్చేవారెవరు?" అని కేక వేస్తుంది. రౌటర్ "ఇదిగో, ఈ నెంబరు ఖాళీగా ఉన్నది" అంటుంది. "అయితే అదే ఇప్పించండి" అంటుంది ల్యాప్‌టాప్. "సరే, ఇంత కాలం నీది" అని రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలూ కనురెప్పపాటులో ముగుస్తాయి. ఇచ్చిన నెంబరు శాశ్వతం కాదు, అద్దెకు ఇచ్చినట్టే. గడువులో సగం కాగానే యంత్రం తనంతట తానే పొడిగింపు అడుగుతుంది. వెళ్ళిపోయిన యంత్రం తాలూకు నెంబరు, గడువు తీరాక ఇంకొకరికి దక్కుతుంది.

ఏ ఊరు వెళ్ళినా మన ఫోను ఏ సెట్టింగూ ముట్టకుండానే పని చేయడానికి కారణం ఇదే. మరి ల్యాప్‌టాప్ ఎందుకు మొరాయించింది? ఎవరో ఒకరు ఈ మర్యాదను ఆపి, నెంబర్లు చేత్తో బిగించినందువల్ల. దీన్ని స్టాటిక్ అడ్రసు, లేక మాన్యువల్ అడ్రసు అంటారు. అట్లా బిగించడానికి ఒక్కొక్కప్పుడు న్యాయమైన కారణాలే ఉంటాయి. ప్రింటరుకో, ఇంటి కెమెరాకో ఎప్పుడూ ఒకే నెంబరు ఉంటే సులువు. కొన్ని ఆఫీసుల్లో ఫలానా నెంబరు ఉన్న యంత్రాన్నే లోపలికి రానిస్తారు. రౌటర్ నెంబర్లు ఇవ్వడం మానితే, తాత్కాలికంగా చేత్తో ఇచ్చి పని గడుపుకోవడమూ కద్దు. తాత్కాలికం శాశ్వతమైపోవడమే చిక్కు.

బిగించిన నెంబరుతో ఊరు మారితే మూడు విధాలుగా జరగవచ్చును. ఒకటి, కొత్త ఇంటి వీధి పేరే వేరు. యంత్రం 192.168.1 వీధిలో ఉన్నాననుకుంటుంది, ఇల్లేమో 192.168.0 వీధిలోది. తలవాకిలి దొరకదు, ఏదీ తెరుచుకోదు. రెండు, వీధి పేరు కలిసింది గాని, ఆ నెంబరు అప్పటికే ఇంట్లో టీవీకో ఫోనుకో ఇచ్చి ఉన్నది. ఇద్దరికీ ఒకే నెంబరు కావడంతో ఒకసారి దీనికి, ఒకసారి దానికి నెట్టు పోతూ వస్తూ ఉంటుంది. మూడు, వీధీ కలిసింది, నెంబరూ ఖాళీగా ఉన్నది. అప్పుడు చక్కగా పని చేస్తుంది! అన్నిటిలోకీ మోసకారి ఈ మూడవదే. "మామయ్యగారింట్లో వచ్చింది, అక్కయ్యగారింట్లో రాలేదు, కనుక అక్కయ్యగారి నెట్టు మంచిది కాదు" అనే తీర్పు ఇట్లా పుడుతుంది. పాపం, అక్కయ్యగారి నెట్టు చేసిన తప్పేమీ లేదు.

నాడి చూడటం

కొత్త రౌటర్ కొనే ముందు నాడి చూడండి. అదే ఇంట్లో, అదే వై-ఫైలో ఫోను పని చేస్తూ ల్యాప్‌టాప్ ఒక్కటే పని చేయకపోతే, ముందు ల్యాప్‌టాప్‌నే అనుమానించాలి. ఫోను చూసేటప్పుడు దాని సొంత మొబైల్ డేటా ఆపి చూడండి. లేకపోతే ఫోను వేరే దారిన పోయి మిమ్మల్ని భ్రమ పెడుతుంది.

తరువాత ల్యాప్‌టాప్‌లో ఆ వై-ఫై వివరాలు తెరిచి, దాని ఐపీ అడ్రసు ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఫోనులో కూడా వై-ఫై వివరాలు తెరిస్తే దాని అడ్రసు, గేట్‌వే కనబడతాయి. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మొదటి మూడు అంకెలూ కలవకపోతే ల్యాప్‌టాప్ వేరే ఊరి చిరునామా పట్టుకున్నదన్న మాట. ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనబడితే సంగతి వేరు. యంత్రం మర్యాదగానే చోటు అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు. కనుక తనకు తాను ఒక నెంబరు పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నది. అప్పుడు రౌటర్‌ను ఒకసారి ఆపి, కాస్సేపాగి మళ్ళీ వెలిగించడం, ల్యాప్‌టాప్‌లో ఆ వై-ఫైని మరిచిపొమ్మని చెప్పి పాస్‌వర్డుతో కొత్తగా కలపడం చేయాలి. అడ్రసు, గేట్‌వే రెండూ సరిగ్గా ఉండి పేజీలు మాత్రమే తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌నూ, ప్రాక్సీ అనే సెట్టింగునూ చూడాలి.

చికిత్స

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వై-ఫై, అందులో మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ అనే చోటికి వెళ్ళండి. ఇదివరకు కలిసిన వై-ఫైల పేర్లన్నీ జాబితాగా కనబడతాయి. మీ ఇంటి పేరు నొక్కితే ఐపీ అసైన్‌మెంట్ అనే వరుస ఉంటుంది. అక్కడ మాన్యువల్ అని ఉంటే ఎడిట్ నొక్కి, ఆటోమేటిక్ డీహెచ్‌సీపీ అని మార్చి సేవ్ చేయండి. దాని క్రిందనే డీఎన్ఎస్‌కు కూడా ఇటువంటి వరుసే ఉంటుంది. దానినీ ఆటోమేటిక్ చేయండి.

ఇక్కడొక మెలిక ఉన్నది. విండోస్‌లో నెంబరు బిగించడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి పైన చెప్పినట్టు ఒక్కొక్క వై-ఫైకి విడివిడిగా. రెండవది వై-ఫై పరికరానికంతటికీ కలిపి; ఇక్కడ బిగిస్తే ఏ ఊరు వెళ్ళినా అదే నెంబరు వెంట వస్తుంది. పాత కంట్రోల్ ప్యానెల్ దారిన వెళ్ళి బిగించేవారు ఈ రెండవ చోటనే బిగిస్తారు. కనుక ఇంటి పేరు క్రింద ఆటోమేటిక్ అనే ఉన్నా పని జరగకపోతే, వై-ఫై పేజీలోనే హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ తెరిచి అక్కడ కూడా ఆటోమేటిక్ చేయండి. బరంపురం అమ్మాయి విషయంలో చూడవలసింది ముఖ్యంగా ఈ చోటే.

మ్యాక్ యంత్రంలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో వై-ఫై తెరిచి, కలిసిన నెట్‌వర్కు ప్రక్కన డిటెయిల్స్ నొక్కి, టీసీపీ ఐపీ అనే చోట యూజింగ్ డీహెచ్‌సీపీ ఎంచుకోవాలి. గడువు మళ్ళీ అడగడానికి అక్కడే ఒక మీట ఉంటుంది. మ్యాక్‌లో లొకేషన్ అనే సదుపాయం కూడా ఉన్నది. ఇంటికొకటి, ఆఫీసుకొకటి వేర్వేరు సెట్టింగుల మూటలు కట్టుకుని, ఊరు మారినప్పుడు మూట మార్చుకోవచ్చు. లినక్స్ వాడేవారికి ఒక్కొక్క వై-ఫైకి విడిగా సెట్టింగులు నిలిచి ఉంటాయి కాబట్టి, ఆ పేరు ప్రక్కన చక్రం గుర్తు నొక్కి ఐపీవీ4లో ఆటోమేటిక్ చేస్తే చాలును.

ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చినదైతే ఈ సెట్టింగులు మార్చడానికి వారు అనుమతించకపోవచ్చు. బలవంతాన మార్చబోకండి. వారి సహాయ విభాగానికి ఫోను చేసి, "ఇందులో స్టాటిక్ అడ్రసు పెట్టి ఉన్నది, తీసివేయండి" అని ఈ ఒక్క మాట చెప్పండి. జబ్బు పేరు తెలిసి వెళ్ళినవాడికి వైద్యం త్వరగా దొరుకుతుంది.

స్థిరమైన నెంబరు కావలసినవారికి

నిజంగానే ఒక చోట స్థిరమైన నెంబరు అవసరమయితే? దానిని ల్యాప్‌టాప్‌లో బిగించడం కంటే, ఆ చోటి రౌటర్‌కే చెప్పడం మేలు. రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అనే సదుపాయం చాలావాటిలో ఉంటుంది. "ఈ యంత్రం వచ్చినప్పుడల్లా ఈ నెంబరే ఇవ్వు" అని అక్కడ వ్రాసిపెడితే, ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే అడుగుతుంది, రౌటర్ ఎప్పుడూ అదే ఇస్తుంది. ఇంకో ఊరు వెళ్ళినప్పుడు ఆ ఊరిది తీసుకుంటుంది. అల్లుడికి పీట వేసి ఉంచడం అత్తవారి పని గాని, అల్లుడు పీట నెత్తిన పెట్టుకు తిరగడు గదా!

రౌటర్ యంత్రాన్ని గుర్తు పట్టేది మ్యాక్ అడ్రసు అనే దాని పుట్టుమచ్చను బట్టి. ఈ మధ్య ఫోనులు, ల్యాప్‌టాపులు తమ ఆనవాలు తెలియకుండా ఉండేందుకు మారు పుట్టుమచ్చ చూపిస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి, ఐఫోన్‌లో 2020 నుంచి ఇది మామూలయింది. విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అనే పేరున ఉంటుంది. రిజర్వేషన్ చేసిన ఇంటి వై-ఫైకి మాత్రం దీన్ని ఆపి ఉంచండి. రైల్వే స్టేషన్లలో, హోటళ్ళలో ఉండనివ్వండి.

రౌటర్ మన చేతిలో లేని చోట, ఆఫీసువారు నెంబరు చేత్తోనే పెట్టమంటే, ఆ ఒక్క వై-ఫై పేరు క్రిందనే పెట్టండి, పరికరానికంతటికీ కాదు. ఈ పద్ధతిలో యంత్రం వై-ఫైని గుర్తించేది దాని పేరును బట్టి. అమ్మగారింట్లో, అత్తగారింట్లో కనెక్షన్ పెట్టినవారు రెండు చోట్లా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే ల్యాప్‌టాప్ రెండిళ్ళూ ఒకటేననుకుంటుంది. ఇంటికొక వేరు పేరు పెట్టుకోండి. అయితే పేరులో ఇంటి నెంబరు, ఫోను నెంబరు వ్రాయకండి. వీధిన పోయే వారందరికీ కనబడుతుంది.

డీఎన్ఎస్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. వేగంగా ఉంటుందని కొందరు 8.8.8.8 వంటి నెంబరు చేత్తో పెట్టుకుంటారు. ఇంట్లో ఇబ్బంది లేదు. హోటళ్ళలో, స్టేషన్లలో ముందుగా ఫోను నెంబరో గది నెంబరో అడిగే పేజీ ఒకటి తెరుచుకుంటుంది గదా. కొన్ని చోట్ల ఈ చేతి నెంబరు వల్ల ఆ పేజీ తెరుచుకోదు. అది రాకపోతే తరువాతిదేదీ రాదు. అటువంటప్పుడు డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌కు తెచ్చి చూడండి. అటువంటి చోట్ల నెట్‌వర్కును పబ్లిక్ అని ఎంచుకోవడం మరవద్దు. ప్రక్క గదివారికి మన యంత్రం కనబడకుండా ఉంటుంది.

సంఘ భవనాలవారికి

ఇది పఠనాలయాలు నడిపే మన సంఘాల కార్యదర్శులకు. ఉగాది సభకు మూడు వందల మంది వస్తే, చివర వచ్చినవారికి వై-ఫై అందదు. "సంఘం నెట్టు ఎప్పుడూ ఇంతే" అని విసుక్కుంటారు. 255.255.255.0 అని ఉన్న చోట పనికివచ్చే నెంబర్లు 254 మాత్రమే. అందులో పంచడానికి రౌటర్ ప్రక్కన పెట్టుకునేవి చాలాసార్లు ఇంకా తక్కువ. అద్దె గడువు 24 గంటలు ఉంటే, ఉదయం వచ్చి గంటలో వెళ్ళిపోయినవారి నెంబరు మరునాటి దాకా ఎవరికీ దక్కదు. సభల రోజుల్లో లీజ్ టైమును ఒక గంటకు తగ్గించి, పంచే నెంబర్ల వరుసను పెంచండి. కానీ ఖర్చు లేదు. ప్రింటరుకు, కార్యాలయం కంప్యూటరుకు రిజర్వేషన్ చేసి ఉంచితే వాటి చోటుకు ఎవరూ అడ్డురారు.

ఇళ్ళలో అయితే, రౌటర్ వెనుక ఒక చిన్న కాగితం అంటించి ఉంచండి. వై-ఫై పేరు, గేట్‌వే నెంబరు, ఏ యంత్రానికి ఏ నెంబరు కేటాయించినదీ వ్రాసి పెట్టండి. ఎవరయినా వచ్చి నెంబర్లు బిగిస్తే, ఎందుకు బిగించారో, ఏ తేదీన బిగించారో కూడా వ్రాయించండి. పండుగకు వచ్చిన పిల్లలు ఆ కాగితం చూసి అయిదు నిమిషాల్లో తమ పని తాము చక్కబెట్టుకుంటారు.

ఈ విషయమై ఇంకా సందేహాలుంటే వ్రాయండి. వ్రాసేటప్పుడు "నెట్టు రావడం లేదు" అని ఊరుకోక, ల్యాప్‌టాప్‌లో కనబడిన అడ్రసు, గేట్‌వే, అదే ఇంట్లో ఫోనులో కనబడిన అడ్రసు, గేట్‌వే, ఈ నాలుగూ ఒక వరుసలో వ్రాసి పంపండి. పాస్‌వర్డు మాత్రం ఎవరికీ, నాకు కూడా, వ్రాయకండి.